వర్డ్, ఎక్సెల్ కోసం: చందా కట్టాలా, ఒకేసారి కొనాలా, ఉచితమైనది వాడాలా?

ట్యూషన్ సెంటర్ నడుపుతున్న మా తమ్ముడు కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. "అక్కా, వర్డూ ఎక్సెలూ కావాలి. ఏటా కట్టే ప్లాన్ తీసుకోనా, ఒకేసారి కొనేయనా?" అని ఫోన్ చేశాడు. డబ్బు కట్టడం ఆపేసిన రోజున నీ చేతిలో ఏం మిగలాలో ముందు అనుకో, ఆ తర్వాత కొను అన్నాను.

వర్డూ ఎక్సెలూ ఉండే ఆఫీస్‌ను ఏటా డబ్బు కట్టి వాడుకునే ప్లాన్ పేరు మైక్రోసాఫ్ట్ 365. ఆ చందా ఆపేస్తే కంప్యూటర్‌లోని ఆఫీస్‌లో పాత ఫైళ్ళు తెరిచి చూసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. మార్చడానికి ఉండదు, కొత్తది మొదలుపెట్టడానికీ ఉండదు. పదేళ్ళు కట్టినా పదకొండో ఏడు కట్టకపోతే అంతే. చందాకు న్యాయంగా దక్కాల్సిన మంచి మాట కూడా ఉంది. ఫ్యామిలీ ప్లాన్‌లో ఆరుగురి దాకా చేరవచ్చు, ఒక్కొక్కరికి ఒక టీబీ వన్‌డ్రైవ్ జాగా (ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచుకునే చోటు) వస్తుంది. ఇంట్లో నలుగురైదుగురు ఫొటోలు దాచుకుంటూ రోజూ వాడుకుంటే ఆ డబ్బు వృథా కాదు. ఒక్కడే ఉండి మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రాలు టైప్ చేసుకునేవాడికి మాత్రం అది అద్దె ఇల్లే.

మరి ఒకేసారి కొంటే సొంతమవుతుందా? చాలామంది పొరపడేది ఇక్కడే. ఆఫీస్ 2024 హోమ్ ఒక కంప్యూటర్‌కే. భద్రతా అప్‌డేట్లు 2029 అక్టోబర్ 9 వరకు వస్తాయి. ఆ తర్వాత కూడా పనిచేస్తుంది కానీ ఏదైనా లోపం బయటపడితే సరిచేసేవాళ్ళుండరు. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన ఆఫీస్ ఆ మెషీన్‌కే ముడిపడి ఉంటుంది, మెషీన్ పోతే అదీ పోయినట్టే. విడిగా కొన్న రిటైల్ కాపీనైతే మన ఇంకో కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు. బిల్లు కట్టేముందు ఈ ఒక్క సంగతి అడిగి తీరాలి.

చవగ్గా వస్తుందని నేను ఒకసారి ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో ఆఫీస్‌కు "లైఫ్‌టైమ్ కీ", అంటే దాన్ని వాడనిచ్చే కోడ్, కొన్నాను. ఎనిమిది నెలలకే అది చెల్లదని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. అమ్మినవాళ్ళ నంబర్ మోగనే లేదు. మూడు రోజుల్లో ఇవ్వాల్సిన పని చేతిలో ఉంది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అసలు కాపీ కొన్నా యాక్టివేషన్ అనే తాళం, అంటే ఆ కీ సరైనదేనని సర్వర్‌లో చూసి వాడనివ్వడం, కంపెనీ దగ్గరే ఉంటుంది. ఫొటోషాప్ కంపెనీ అడోబీ తన పాత సాఫ్ట్‌వేర్ల సెట్టు సీఎస్2 యాక్టివేషన్ సర్వర్లను ఆపేసినప్పుడు, పాత కొనుగోలుదారుల కోసం యాక్టివేషన్ అక్కర్లేని కాపీలను 2013లో అందుబాటులో పెట్టింది. ఒక కంపెనీ చేయగలిగిన పనిని మిగతా కంపెనీలు కూడా చేయాలని చట్టం చెప్పాలి.

చట్టం సంగతికొస్తే మన రాష్ట్రం పేరుతోనే ఒక తీర్పుంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన అమ్మకపు పన్ను కేసులో, రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే దాని మీద పన్ను పడుతుంది. అదే సాఫ్ట్‌వేర్ ఒప్పందం తెరిచి చూస్తే "లైసెన్స్ ఇస్తున్నాం, అమ్మడం లేదు" అని ఉంటుంది. ఈ రెండు మాటల మధ్య నలిగిపోయేది కొన్నవాడు. శాశ్వత లైసెన్స్ డబ్బిచ్చి కొన్నవాళ్ళు, డౌన్‌లోడ్ చేసుకున్నదైనా సరే, తమ కాపీని మరొకరికి అమ్ముకోవచ్చని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012లో ఒరాకిల్ కేసులో చెప్పింది. అంత స్పష్టమైన మాట మన వినియోగదారుల చట్టంలోనూ రావాలి. మనకిప్పటికే ఉన్న హక్కు ఒకటుంది: న్యాయంగా కొన్న ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది.

మూడో దారి లిబ్రేఆఫీస్, వర్డ్, ఎక్సెల్ లాంటి పనులే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. కీ లేదు, గడువు లేదు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, పక్కింటివాళ్ళకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వవచ్చు. 2010లో మొదలైంది, నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. రేపు ఆ సంస్థే మూతబడినా మన దగ్గరున్న కాపీని ఆపగలవాళ్ళు లేరు. యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లూ ఉచితమే. ఇబ్బందులు లేవనను. వర్డ్‌లో పెట్టిన పట్టికలు ఒక్కోసారి పక్కకు జరుగుతాయి, ఎక్సెల్ మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసుకున్న ఆదేశాలు) కొన్ని పనిచేయవు. అవతలివాళ్ళకు వర్డ్ ఫైలే పంపి, వాళ్ళు దిద్దింది మళ్ళీ తెచ్చుకునే పనైతే విసుగొస్తుంది.

మా తమ్ముడికైతే లిబ్రేఆఫీస్‌తోనే మొదలుపెట్టమన్నాను. వాడు పిల్లలకిచ్చేది ప్రింట్లే కాబట్టి పట్టిక జరిగితే అక్కడే సరిచేసుకోవచ్చు. అకౌంటెంట్లతో, పబ్లిషర్లతో రోజూ ఫైళ్ళు మార్చుకునేవాళ్ళకు రిటైల్ ఆఫీసే మేలంటాను. చందా మాత్రం ఆ వన్‌డ్రైవ్ జాగా నిజంగా కావలసిన ఇళ్ళకే. ఏది తీసుకున్నా ఇన్‌స్టాలర్ ఫైల్, ఉంటే బిల్లు, కీ కూడా ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టమని చెప్పాను. వాడు అదే రోజు రాత్రి పెట్టేశాడు.