అపామియా నిలువురాళ్లా, కొంకోర్డియా రాతిపెట్టెలా?

రోమన్ సైనికుడి సర్వీసు లెక్క కావాలంటే సిరియాలోని అపామియా సమాధి రాళ్లే మేలు. 3వ శతాబ్దంలో అక్కడ మకాం వేసిన 2వ పార్థికా లీజియన్ (రోమన్ సైన్యంలో పెద్ద దళం) వాళ్లవి; తర్వాత కోటగోడలో పేర్చేయడంతో దక్కాయి. ‘డిస్ మానిబుస్’ (పితృదేవతలకు)తో మొదలై పేరు, హోదా, కొలువు చేసిన ఏళ్లు, బతికిన ఏళ్లు, చివర రాయి వేయించిన వారసుడు. వయసులోంచి సర్వీసు తీసేస్తే చేరిన వయసు వస్తుంది. అయితే 30, 35, 40 లాంటి, సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకెలు కనిపిస్తే అది ఉజ్జాయింపే, గట్టిగా నమ్మకండి.

ఇటలీలో వెనిస్‌కు ఈశాన్యాన ఉన్న కొంకోర్డియాది వేరే ధోరణి. 4వ శతాబ్దం చివర, 5వ శతాబ్దం మొదట్లో చెక్కిన ఇక్కడి రాతి శవపేటికల మీద ఎక్కువగా కనిపించేది ఆస్తి గొడవే: ఫలానా ‘నుమెరుస్’ (సైనిక దళం) వాణ్ని, సొంత డబ్బుతో పెట్టె కొన్నాను, ఎవడైనా తెరిస్తే ఖజానాకు ఇంత బంగారమో వెండో కట్టాలి! బటావీ సీనియోరెస్ లాంటి దళాల పేర్లు ఇక్కడ దొరుకుతాయి. పేర్లలో కనిపించే ‘ఎఫ్ఎల్’ అంటే ఫ్లావియస్. అది ఇంటిపేరు కాదు, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి వంశం నుంచి వచ్చి ప్రభుత్వ కొలువుకు గుర్తుగా మారిన పేరు. ఇద్దరు ఫ్లావియస్‌లను అన్నదమ్ములనుకుంటే పప్పులో కాలేసినట్టే.