మైనస్ ముప్పై అయిదు అని రాసిన సంచి

సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఇంకా సగం మిగిలి ఉండగానే, గత జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసివచ్చిన మూడు రోజులకు, నేనూ నా భార్యా, మంకాటోలో ఎం.ఎస్. చదువుతున్న మా బావమరిదీ కలిసి మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపు కొసకు, గడ్డకట్టిన సరస్సు మీద ట్రౌట్ చేపలు పట్టడానికి వెళ్లాము. చలికాలంలో ఆరుబయట పడుకున్న అనుభవం ముగ్గురిలో ఎవరికీ లేదు. ఆ తెలియనితనం మీద ఒక దుకాణం మా దగ్గర 340 డాలర్లు తీసుకుంది కనుక, ఇకమీద వెళ్లేవారికైనా ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మొదట బౌండరీ వాటర్స్ అడవిలోకి వెళ్దామనుకున్నాము. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు అక్కడ రాత్రి బసకు అనుమతి పత్రం మనమే నింపుకోవచ్చు, రుసుము లేదు. కానీ సామానంతా స్లెడ్డు (మంచు మీద జారే చక్రాల్లేని బండి) మీద మనుషులే లాక్కుపోవాలని తెలియగానే, కారు కంటికి కనిపించేంత దూరంలో పడుకుంటేనే వస్తానని నా భార్య షరతు పెట్టింది. అందుకని గ్రాండ్ మరే ఊరి నుంచి అడవిలోకి 57 మైళ్లు సాగే గన్‌ఫ్లింట్ ట్రైల్ అనే రోడ్డు పక్కన, సుపీరియర్ నేషనల్ ఫారెస్టులో, రెయిన్‌బో ట్రౌట్ పిల్లలను తెచ్చి వదిలే ఒక చిన్న సరస్సును ఎంచుకున్నాము. అక్కడ డేరా వేసుకోవడానికి ఖర్చేమీ లేదు. సరస్సు పేరు చెప్పనని ఒక పెద్దాయనకు మాటిచ్చాను. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

చేపలు పట్టే లైసెన్సు దంపతులకు కలిపి 40 డాలర్లు, బావమరిదికి 25, ట్రౌట్ పట్టడానికి అదనంగా కావలసిన ముద్ర (స్టాంపు) మనిషికి 10 చొప్పున మొత్తం 95 డాలర్లయింది. ఇంతా కట్టాక గమనించాను, ఆ లైసెన్సు ఫిబ్రవరి నెలాఖరుతో చెల్లిపోతుంది. ఒక్క ప్రయాణం కోసమే అయితే 72 గంటల లైసెన్సు తీసుకోండి, మాలాగా అయిదారు వారాలకు ఏడాది సొమ్ము కట్టకండి.

దారి గురించి చెప్పవలసింది తక్కువ. మినియాపోలిస్ నుంచి డులూత్ సుమారు 155 మైళ్లు, అక్కడి నుంచి సుపీరియర్ సరస్సు ఒడ్డునే గ్రాండ్ మరే 110 మైళ్లు. రోడ్లు శుభ్రంగా ఉన్నాయి. ట్రైల్ మీదికి మళ్లేముందు పెట్రోలు పూర్తిగా నింపుకోవాలి.

ఇక సామాను అద్దెకిచ్చిన దుకాణం. పేరు రాయను. పొయ్యి పెట్టుకునే వీలున్న డేరా రెండు రాత్రులకు 160, ముగ్గురికి స్లీపింగ్ బ్యాగులు 120, స్లెడ్డు 30, మంచుగడ్డకు రంధ్రం చేసే చేతి ఆగర్ 30, వీటిపైన 200 డాలర్ల డిపాజిట్. బ్యాగులు మైనస్ 35 ఫారెన్‌హీట్ వరకు పనికివస్తాయని వాళ్ల ప్రకటనలో ఉంది, కౌంటరు దగ్గర కుర్రవాడు కూడా అదే చెప్పాడు. ఆ రాత్రి వాతావరణ సూచన మైనస్ 20, అంటే మన సెల్సియస్ లెక్కలో మైనస్ 29 డిగ్రీలు. ఫారెన్‌హీట్‌లో ఇంకా పదిహేను డిగ్రీల వెసులుబాటు ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. మేము వెళ్లేది ట్రౌట్ సరస్సుకేనని రెండుసార్లు చెప్పినా, ఆ కుర్రవాడు బకెట్టులో ప్రాణంతో ఈదుతున్న ఎర చేపపిల్లలను 9 డాలర్లకు అంటగట్టాడు.

సరస్సు మీద ఆగర్ దించి చూస్తే గడ్డ 14 అంగుళాల మందం ఉంది. మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి గడ్డ ఉండాలని రాష్ట్ర సహజవనరుల శాఖ చెబుతుంది కాబట్టి ఆ భయం తీరింది. కానీ మరొక చిక్కు గురించి మాకెవరూ చెప్పలేదు. పైన కురిసిన మంచు బరువుకు గడ్డ కుంగి, పగుళ్లలో నుంచి నీరు పైకి ఊరి, మెత్తని మంచు కింద బురదలా నిలుస్తుంది. పైకి తెల్లగా, పొడిగా కనిపించిన చోట అడుగుపెట్టి బావమరిది చీలమండ దాకా తడిసిపోయాడు. కారులో మరో జత మేజోళ్లు లేకపోతే మా యాత్ర ఆ మధ్యాహ్నమే ముగిసేది.

మేము బకెట్టుతో దిగడం చూసి, కొంచెం దూరంలో చెక్కగూడు వేసుకుని కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. ట్రౌట్ కోసం ప్రత్యేకించిన సరస్సుల్లో ప్రాణమున్న ఎరచేపలు వాడడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమని, మనిషికి ఒక్క గాలమే వేయాలని, వార్డెను (నిబంధనలు తనిఖీ చేసే అధికారి) వస్తే జరిమానా తప్పదని చెప్పాడు. కారులో పెట్టేయండి, తెల్లారేసరికి చట్టబద్ధమవుతాయి అని నవ్వాడు. చచ్చి గడ్డకట్టిన వాటిని వాడుకోవచ్చట. మేము నడుమ లోతుల్లో తవ్వుతుంటే చూసి జాలిపడి, రెయిన్‌బోలు ఒడ్డు వెంబడే తిరుగుతాయి, ఎనిమిది పది అడుగుల నీళ్లు చాలు, తెల్లవారుజామున రండి అని కూడా చెప్పాడు.

ఆ రాత్రి సంగతి వివరంగా రాయాలి. రేకు పొయ్యి చిన్నది; కట్టెలు నిండా పెట్టినా గంటన్నరకు మించి మండదు. మండినంతసేపు డేరాలో చొక్కాతో కూర్చోవచ్చు. ఆరిపోయిన పావుగంటకు లోపలి చలి, బయటి చలి ఒక్కటే. రాత్రంతా వెచ్చగా ఉంటుందన్న దుకాణంవాడి మాట ఎవరో ఒకరు మేలుకుని కట్టెలు వేస్తూ ఉంటేనే నిజం. పన్నెండు గంటలకు నా భార్య లేచి కూర్చుని, టార్చి వెలుగులో బ్యాగు లోపలి చీటీని చదవడం మొదలుపెట్టింది. దాని మీద మూడు అంకెలు ఉన్నాయి. హాయిగా నిద్రపోవడానికి 15 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 9 సెల్సియస్. ముడుచుకు పడుకుని ఎలాగో నెట్టుకురావడానికి సున్నా, అంటే మైనస్ 18. ఇక మూడోది, ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది, మైనస్ 35. ఈ మూడో అంకెకు అర్థం, అంత చలిలో మనిషి ఆరు గంటల పాటు ప్రాణం నిలుపుకోగలడని, అదీ చలికి వేళ్లు గడ్డకట్టి చచ్చుబడే ప్రమాదంతో. దుకాణంవాడు అబద్ధం చెప్పలేదు. చావకుండా ఉండే అంకెను నిద్రపోయే అంకెగా అమ్ముకున్నాడు.

“అక్కా, కారులోకి వెళ్దామా?” అని బావమరిది రెండుసార్లు అడిగాడు. ఆవిడ సమాధానం చెప్పలేదు, నావైపు కూడా చూడలేదు. చివరికి పొయ్యి మీద నీళ్లు కాచి, మూతలు బిగించిన సీసాల్లో పోసి ఒక్కొక్కరం కాళ్ల దగ్గర పెట్టుకున్నాము. బావమరిదీ నేనూ గంటకొకరం మేలుకుని కట్టెలు వేశాము. 8 డాలర్ల చొప్పున కొన్న ఆరు కట్టల కట్టెల్లో తెల్లవారేసరికి ఒకటే మిగిలింది. డేరాలో పొయ్యి ఉంది కనుక పొగవాయువు (కార్బన్ మోనాక్సైడ్) అలారం 25 డాలర్లు పెట్టి కొన్నాను. మొత్తం ఖర్చులో నేను విచారించనిది అదొక్కటే. కింద పరిచే పరుపు విషయంలో మాత్రం పిసినారితనం చేశాను. చలి సగం నేల నుంచే వస్తుంది. పలచని ఫోము పరుపు ఒక్కటి చాలదు, రెండు వేయండి.

ఉదయం టీ లేదు. ఇంటి దగ్గర కొన్న బ్యూటేన్ డబ్బా స్టవ్వు ఎంత తిప్పినా వెలగలేదు. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగువనే ఆవిరి కావడం మానేస్తుందని కాలేజీలో చదివినవాణ్ణే, సమయానికి గుర్తు రాలేదు. టీ లేని ఉదయం మా ఇంట్లో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం కనుక బావమరిదీ నేనూ గాలాలు తీసుకుని మారుమాట్లాడకుండా సరస్సు మీదికి నడిచాము.

ఒడ్డుకు ఇరవై అడుగుల దూరంలో, తొమ్మిదడుగుల నీటిలో, కారులో రాయిలా బిగుసుకుపోయిన ఆ 9 డాలర్ల చేపపిల్లలనే చిన్న జిగ్గుకు (బరువు కట్టిన గాలానికి) గుచ్చి దించాము. ఇరవై నిమిషాలకు నా చేతిలో తీగ ఒక్కసారి బరువెక్కింది. రంధ్రంలో నుంచి తల పైకి తీసేసరికి దాని పక్కన గులాబీ చార తప్ప ఇంకేమీ కనిపించలేదు నాకు. పద్నాలుగు అంగుళాలు. తొమ్మిది గంటల లోపు ఇంకో రెండు పడ్డాయి, రెండూ బావమరిదికే.

ట్రౌట్‌కు పొలుసు గీయనక్కర్లేదు, అంత సన్నగా ఉంటుంది. కడిగి, ఉప్పు, పసుపు, కారం, ఇంట్లో నూరి తెచ్చిన అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, మిగిలిన కట్టెతో పొయ్యి రాజేసి, దుకాణంవాడు ఇచ్చిన ఇనుప పెనం మీద వేయించాము. నువ్వులనూనె సీసాలోనే గట్టిపడిపోతే స్పూనుతో గీకి వేసుకున్నాము. లోపలి కండ నారింజరంగులో, కొర్రమీను కంటే మెత్తగా, నీచు వాసన లేకుండా ఉంది. అంతకుముందు రాత్రి రాయిలా గడ్డకట్టిన పులిహోరను అదే పెనం మీద వెచ్చబెట్టాము. పెద్దాయన తన ప్రొపేన్ స్టవ్వు తెచ్చి టీకి నీళ్లు కాచి ఇచ్చాడు. రెండు ముక్కలు తిని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా మూడోది అడిగాడు. నా భార్య ఆ ఉదయం మొదటిసారి మాట్లాడింది ఆయనతోనే, అరిసె చేతిలో పెడుతూ.

రెండో రాత్రి డేరాలో ఉండలేదు. ట్రైల్ మీదనే ఒక క్యాబిన్‌లో పన్నులతో 189 డాలర్లకు గది దొరికింది. కట్టెలతో వేడిచేసే సౌనా (ఒళ్లు చెమటపట్టేలా కూర్చునే వేడి గది) అందులోనే కలిసి ఉంది. అంత సొమ్మూ న్యాయమే. నా సలహా అడిగితే, మొదటిసారి వెళ్లేవారు పగలు సరస్సు మీద, రాత్రి క్యాబిన్‌లో గడపండి. డేరాలోనే పడుకోవాలని పట్టుదల ఉంటే, బ్యాగు చీటీ మీద మొదటి అంకె మాత్రమే చదివి, అది వాతావరణ సూచన కంటే తక్కువగా ఉంటేనే డబ్బు కట్టండి.

సోమవారం సామాను తిరిగి ఇచ్చేటప్పుడు ఆ చీటీని కౌంటరు మీద పరిచి అడిగాను. అంకె చీటీ మీదే ఉంది కదా అన్నాడు కుర్రవాడు. వాడని రెండో రాత్రి అద్దె తిరిగి ఇమ్మంటే నిబంధనలు ఒప్పుకోవన్నాడు. డిపాజిట్టులో మాత్రం 15 డాలర్లు పట్టుకుని 185 ఇచ్చాడు, చెక్కపిడి పెనానికి పసుపు మరక అంటుకుందని. పిడి వైపు చూశాను. మరక నిజంగానే ఉంది.