మా సైకాలజీ ల్యాబ్‌లో రికార్డర్ కిట్: ఏడేళ్లు వాడాక

మాది భీమవరం, నరసాపురం మధ్య ఒక డిగ్రీ కాలేజీ. నేను సైకాలజీ చెబుతాను. ఏడేళ్ల క్రితం వరకు మా ల్యాబ్ అంటే ఒక బీరువా. అందులో అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పెట్టె, సమానమైన గీతలే పొట్టీ పొడుగుగా కనిపించే ముల్లర్-లయర్ బోర్డు, రెండు స్టాప్‌వాచీలు ఉండేవి. ఆ ఏడాది గ్రాంటు రావడంతో నాలుగు చానెళ్ల రికార్డర్ కిట్ కొన్నాం. చేతి చెమట, గుండె, ఊపిరి, మెదడు తరంగాలు ల్యాప్‌టాప్ మీద గీతలుగా కనిపిస్తాయి. కొనాలనుకుంటున్న లెక్చరర్లు ఎవరైనా ఉంటే, మన డెల్టాలో అది ఎలా నడిచిందో ముందే తెలియాలని రాస్తున్నాను.

దీనిలో నాకు ప్రాణమైంది చర్మ వాహకత చానెల్. రెండు వేళ్లకు ఎలక్ట్రోడ్లు కట్టి, మనకు తెలియనంత చిన్న వోల్టేజీ పంపుతారు. అరచేతిలోని స్వేద గ్రంథులను సహానుభూత నాడీ వ్యవస్థ, అంటే కంగారులో మన ప్రమేయం లేకుండానే ఒంటిని సిద్ధం చేసే నరాలు, నడుపుతుంది. మనిషి ఉలిక్కిపడితే అవి చెమటతో నిండి కరెంటు తేలిగ్గా పారుతుంది, గీత లేస్తుంది. ఫ్రాన్స్‌లో ఫెరే అనే వైద్యుడు 1888లోనే గమనించిన సంగతి ఇది. వెనకనుంచి గట్టిగా చప్పట్లు కొడితే గీత వెంటనే కదలదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు లేస్తుంది. ఆ రెండు సెకన్లూ క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. నాడీ వ్యవస్థ గురించి నేను నెల రోజులు బోర్డు మీద చెప్పినదానికన్నా పిల్లలకు అదే ఎక్కువ గుర్తుంటుంది.

అయితే ఇది మన వాతావరణం కోసం చేసిన వస్తువు కాదు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే జులై, ఆగస్టుల్లో ఉక్కపోతకే చేతులు చెమర్చి గీత పైకెక్కి అక్కడే ఉండిపోతుంది. ఇక చప్పట్లు కొట్టినా పెద్దగా తేడా తెలియదు. ఇప్పుడు ఆ ప్రయోగం పొద్దున్న మొదటి పీరియడ్‌లోనే పెడతాను. సబ్బు లేకుండా మంచినీళ్లతో చేతులు కడిగించి, ఫ్యాను కింద పావుగంట కూర్చోబెడతాను. ఎలక్ట్రోడ్లకు రాసే కంపెనీ జెల్ అయిపోయిందని ఒకసారి మందుల షాపులో ఈసీజీ జెల్ తెచ్చాం. దాంట్లో ఉప్పు ఎక్కువ కాబట్టి రీడింగులన్నీ పెరిగిపోయాయి. ఆ వారం రికార్డులు మళ్లీ రాయించాల్సి వచ్చింది.

మూడో ఏడు కోనసీమనుంచి వచ్చే ఒక కుర్రాడు కూర్చున్నాడు. ఎన్ని చప్పట్లు కొట్టినా గీత కదల్లేదు. "వీడికి భయమంటే తెలీదండీ" అన్నారు స్నేహితులు. వాడి చెయ్యి తిప్పి చూశాను. సెలవుల్లో నాన్నతో కలిసి కొబ్బరికాయలు ఒలుస్తాడట. వేళ్ల చివర్లు కాయలు కాసి ఉన్నాయి. ఎలక్ట్రోడ్లు తీసి అరచేతిలో చిటికెనవేలి కిందున్న మెత్తటి చోట పెట్టాం. ఈసారి చప్పట్లకు గీత అందరిలాగే లేచింది. "ఆయ్, నాకూ భయమే మేడమండీ" అన్నాడు. పరికరం ఏం కొలుస్తోందో, మనం ఏం అనుకుంటున్నామో ఆ రెండూ వేరని ఆ రోజు క్లాసు మొత్తానికి తెలిసింది. అందుకే ప్రతి బ్యాచ్‌లోనూ ముందు చేతులు చూడమంటాను. ఆషాఢంలో ఆడపిల్లల వేళ్లకు గోరింటాకు ఉంటుంది, పల్స్ క్లిప్పు వెలుతురుకు అది అడ్డుపడి అల చిన్నదైపోతుంది. క్లిప్పు చెవి తమ్మెకు పెడితే సరిపోతుంది.

కిట్ వచ్చిన దగ్గర్నుంచీ పిల్లలు అడిగేది ఒకటే. "అబద్ధం చెబితే పట్టేస్తుందాండీ?" మొదటి ఏడాది సరదాగా పేకముక్క ఆట ఆడించాను. ముక్క దాచిన అమ్మాయి గీత లేచింది. ఆ ఊపులో వెనక బెంచీవాళ్లు ఇంకో అమ్మాయిని సొంత విషయం అడిగారు. ఆమె గీత కూడా లేచింది, క్లాసంతా నవ్వింది. ఆమె ఏ అబద్ధమూ చెప్పలేదు. సిగ్గుకూ భయానికీ కోపానికీ కూడా గీత అలాగే లేస్తుంది. ఆ తప్పు నాదే, ఆ ఆట మానేశాను. ఇప్పుడు ప్రయోగానికి ముందు పిల్లలచేత అంగీకార పత్రం రాయిస్తాను, ఎవరైనా సగంలో లేచి వెళ్లిపోవచ్చు. మనిషి ఒప్పుకోకుండా పాలీగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్ష చేయకూడదని 2010లో సెల్వీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి కూడా అదే క్లాసులో చెబుతాను.

ఈసీజీ చానెల్ బాగుంటుంది కానీ గీత మీద సన్నటి రంపపు పళ్లు కనిపిస్తే అది మన కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గోల. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి, సగం పోతుంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గడం అప్పుడు చక్కగా కనిపిస్తుంది.

మెదడు తరంగాల సంగతికొస్తే, కళ్లు మూస్తే ఆల్ఫా అనే రకం తరంగాలు పెరగడం ఒక్కటే నమ్మకంగా చూపించగలిగాను. దానికి కూడా తలకు కొబ్బరినూనె లేకుండా రమ్మని ముందురోజే చెప్పాలి.

నాకు గట్టి ఫిర్యాదు ఉన్నది ప్రతిచర్యా కాలం, అంటే చూసిన వెంటనే స్పందించడానికి పట్టే సమయం, కొలిచే ప్రోగ్రామ్ మీద. స్క్రీన్ మీద వెలుతురు మారడానికీ, మీట నొక్కింది లెక్కలోకి రావడానికీ పట్టే ఆలస్యాన్ని కూడా పిల్లల ఖాతాలోనే వేస్తుంది. 30 సెంటీమీటర్ల స్కేలు వదిలి పట్టుకోమంటే ఆ బాధ లేదు. 20 సెంటీమీటర్లు జారితే 0.2 సెకను, లెక్క పిల్లలే కట్టుకుంటారు. ఇప్పటికీ ఆ ప్రయోగానికి స్కేలే వాడుతున్నాం. స్ట్రూప్ పరీక్ష కూడా అంతే. ఒక రంగు పేరును వేరే రంగు సిరాతో రాసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమంటారు. 1935లో స్ట్రూప్ చేసినప్పుడు మాటలు లేని మామూలు రంగు గళ్ల రంగులు చెప్పడానికి సగటున 63 సెకన్లు పడితే, వేరే రంగు సిరాతో రాసిన మాటలకు 110 పట్టాయి. కిట్‌లోని ఇంగ్లీషు మాటలతో మా తెలుగు మీడియం పిల్లలకు అంత తేడా రాలేదు, మాట చదవడమే వాళ్లకు అలవాటు లేని పని. తెలుగులో కార్డులు రాయించాం. "పచ్చ" అని రాస్తే ఆకుపచ్చా పసుపుపచ్చా అని తర్జనభర్జన పడ్డారు, ఆ మాట తీసేసి ఎరుపు, నీలం, నలుపు ఉంచాం. తడబాటు అప్పుడు బయటపడింది.

కిట్ పెట్టె ఇప్పటికీ పనిచేస్తోంది. పాడయ్యేవి కేబుళ్లే. సముద్రపు గాలికి పిన్నులకు చిలుము పట్టి రెండు ఊడిపోయాయి. కంపెనీకి మెయిళ్లు పెట్టి, ఫోన్లు చేసి నాలుగు నెలలు ఆగితే ఒకటి వచ్చింది, ఆ సెమిస్టర్ అప్పటికే అయిపోయింది. ఇప్పుడు వాటిని బియ్యం పోసిన డబ్బాలో మూతపెట్టి ఉంచుతున్నాం. మీరు కొనేటట్లయితే నాలుగు చానెళ్లూ అక్కర్లేదు, చెమటకూ గుండెకూ ఉన్న రెండు చానెళ్ల మోడల్ చాలు. మిగిలిన డబ్బుతో ప్రతి కేబుల్‌కూ జోడీ, రెండేళ్లకు సరిపడా జెల్ మొదటి బిల్లులోనే రాయించుకోండి.