పంచె కట్టుకోనిచ్చే గెస్ట్‌హౌస్ కోసం

గది బుక్ చేసేముందు ఫోన్‌లో నేను అడిగే ప్రశ్నలు విని అవతలివాళ్లు కాసేపు మాట్లాడరు. ఏసీ ఉందా, గీజర్ ఉందా అని కాదు. "రాత్రి తొమ్మిది దాటాక ఆవరణలో లైట్లు ఆర్పేస్తారా? వెనక గోడ తెల్లగా ఉంటుందా? బయట ప్లగ్ పాయింట్ ఉందా?" ఇవీ నాకు కావలసినవి. కొండ అడవుల్లో రాత్రిపూట రెక్కల పురుగుల్ని చూసి ఫొటో తీసి పేరు వెతుక్కోవడం మూడేళ్ల కిందట పట్టుకున్న పిచ్చి. మొన్న సెప్టెంబరు నుంచి జనవరి దాకా మారేడుమిల్లి, అనంతగిరి, లంబసింగి తిరిగొచ్చాను. ఈ పురుగుల లెక్కన చూస్తే హోటళ్లకు వేసే స్టార్లన్నీ తారుమారవుతాయి.

పుస్తకాల్లో వీటిని చిమ్మటలు, శలభాలు అంటారు, ఇంగ్లీషులో మాత్‌లు. మా ఇంట్లో దీపం పురుగులు. రైతులకు పిల్లపురుగుతోనే పేచీ కాబట్టి పేర్లన్నీ దానికే పెట్టారు: పొగాకు లద్దె పురుగు, ఆముదం మీద దాసరి పురుగు, వరిలో కాండం తొలిచే పురుగు. రెక్కలొస్తే అన్నీ కలిపి 'తల్లి పురుగు'. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు రకాలైతే ఇవి 10,000 దాటతాయి. అన్నిటికీ ఒక్క పేరు!

సామాను పెద్దగా లేదు. తాతగారి తెల్ల పంచె, నైలాన్ తాడు, 160 వాట్ల మెర్క్యురీ బల్బు, పవర్‌బ్యాంకుతో వెలిగే యూవీ పట్టీ, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు. తాడుకు పంచె కట్టి దాని దగ్గర లైటు వెలిగిస్తే పురుగులు వచ్చి వాలతాయి. మిగతాదంతా వాతావరణం దయ. అమావాస్య దగ్గర్లో, గాలి లేకుండా, కాస్త ఉక్కగా ఉండి, అంతకుముందే వాన కురిసి వెలిసిన రాత్రి అయితే పండగే.

మారేడుమిల్లికి రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. మొదటి రాత్రి ఒక పెద్ద రిసార్ట్‌లో దిగి తప్పు చేశాను. గది బాగుంది, బొంగులో చికెన్ ఇంకా బాగుంది. కానీ చెట్టుచెట్టుకీ సీరియల్ లైట్లు, తెల్లారేదాకా వెలిగే ఫ్లడ్ లైటు. పురుగులు యాభై బల్బులకి చెదిరిపోయాయి, నా పంచె మీదకు దోమలే వచ్చాయి. లైట్లు ఆర్పమంటే "మిగతా గెస్టులు ఒప్పుకోరండీ" అన్నారు. వాళ్ల మాటా నిజమే. పొద్దున్నే ఫ్లడ్ లైటు కింద ఒక కుర్రాడు చీపురుతో ఊడుస్తుంటే ఆ చెత్తలో లేత ఆకుపచ్చ రెక్క ఒకటి, పొడుగు తోకతో సహా కనిపించింది. చంద్ర చిమ్మట అని కొందరు పిలిచే పురుగుది. రాత్రంతా దానికోసమే కూర్చున్నాను.

మర్నాడు ఊరి చివర మామూలు గదులకు మారాను. పరుపు గట్టిది, బాత్రూంలో బకెట్టే గతి, వైఫై మాటే లేదు. కానీ వెనకాల మద్దిచెట్లు. పదకొండు దాటాక అరచెయ్యంత గోధుమరంగు పురుగు ఒకటి గబ్బిలంలా వచ్చి పంచెకు కొట్టుకుంది. దసలి పట్టు పురుగు! మగది, ఎందుకంటే మీసాలు వెడల్పాటి ఈకల్లా ఉన్నాయి. నాలుగు రెక్కల మీదా గుండ్రటి కన్నులాంటి మచ్చ, మచ్చ మధ్యలో పొలుసుల్లేని పారదర్శకమైన బిళ్ళ. టార్చి పక్కకు పట్టి చూస్తే ఆ బిళ్ళలోంచి పంచె నేత, పడుగూ పేకా విడివిడిగా కనిపించాయి. దీనికి తినే నోరు లేదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదాంతోనే ఈ కొద్దిరోజులూ గడపాలి.

పురుగులు దీపాన్ని ప్రేమిస్తాయని కవులు చెప్పారుగానీ, 2024లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం అసలు సంగతి వేరు. ఎగిరే పురుగు వీపును వెలుతురువైపు ఉంచుకుంటుంది. ఆకాశమే వెలుగైనన్నాళ్లూ ఆ అలవాటు సరిపోయింది. బల్బు పక్కన ఎగిరినప్పుడు వీపు అటు తిప్పీ తిప్పీ దాని చుట్టూనే ఇరుక్కుపోతుంది.

అందుకే తెల్లారకముందే లైటు ఆర్పి, పంచెను మెల్లగా దులిపి పురుగుల్ని పొదల్లోకి పంపాలి. లేకపోతే ఎట్రింత పిట్టలు, పిగిలిపిట్టలు టిఫిన్‌కి వచ్చేస్తాయి.

అనంతగిరి అరకు కంటే ముందే తగులుతుంది. విశాఖ నుంచి అందరూ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వెళ్లిపోతారు, ఇక్కడ దిగేవాళ్లు తక్కువ. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు, మానులకు అల్లుకున్న మిరియాల తీగలు. వాటి మధ్య ఒక పాత గెస్ట్‌హౌస్. ఫ్యాను శబ్దానికి నిద్ర పట్టదు, భోజనం ముందే చెప్పకపోతే దొరకదు. అయినా నా ఓటు దీనికే. నేను తాడు కడుతుంటే కాపలా తాత వచ్చి, "రేతిరి పూట పంచె ఆరేత్తన్నారేటి బాబూ?" అన్నాడు. సంగతి చెప్పాక నవ్వి, వరండా లైటు తనే ఆర్పేశాడు. కాసేపటికి కరెంటే పోయింది. ఆ లోయ మొత్తంలో వెలిగేది నా యూవీ పట్టీ ఒక్కటే. పంచె నిండింది.

ఎండుటాకులా ముడుచుకుని వాలింది ఒకటి. వేలితో కాస్త కదిలిస్తే ముందు రెక్కలు తెరుచుకుని కింద పసుపు-నారింజ, నల్ల పట్టీ బయటపడ్డాయి. బత్తాయి తోటల్లో పండుకు చిల్లి పెట్టి రసం పీల్చేది ఈ జాతే. ఇది మాత్రం గొంగళిగా కంటే తల్లి పురుగుగానే రైతును ఏడిపిస్తుంది.

గుర్తుపట్టడానికి రంగుకంటే ముందు వాలే తీరు చూస్తాను. రెక్కలు పరిచి గోడకు అంటించినట్టు కూర్చుంటే జియోమెట్రిడే అనే కుటుంబం. ఫైటర్ విమానంలా వెనక్కి వాల్చి ఉంచితే స్ఫింజిడే కుటుంబం. ఇంట్లో నందివర్ధనం, గన్నేరు ఆకులు మేసే, తోక దగ్గర కొమ్మున్న లావు పచ్చ గొంగళి పెద్దయితే ఈ కుటుంబమే. ఇక్కడిదాకా సులువు. ఆ తర్వాతే టెన్షన్. అచ్చంగా ఒకేలా ఉండే రకాల్ని తేల్చాలంటే జననాంగాలు కోసి మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ పని శాస్త్రవేత్తలది. అభయారణ్యాల్లో పురుగును పట్టుకోవాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి. నీలగిరుల్లో తోటల పెంపకందారుగా ఉండిన హాంప్సన్ మన చిమ్మటల మీద 1892-96 మధ్య రాసిన నాలుగు సంపుటాలు ఇప్పటికీ తిరగేస్తాం, కానీ డీఎన్‌ఏ పరీక్షలొచ్చాక అందులోని కుటుంబాలే మారిపోయాయి. అనంతగిరి రెండు రాత్రుల్లో 212 ఫొటోలు తీశాను. జాతి పేరుదాకా ధైర్యంగా రాసుకున్నవి 31. మిగతావాటికి కుటుంబం పేరు రాసి ఊరుకున్నాను.

లంబసింగి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జనవరిలో వెళ్లాను, అదే పొరపాటు. చలికి పురుగు ఎగరాలంటే ముందు వణికి ఒళ్లు వేడెక్కించుకోవాలి. మంచుకు పంచె తడిసి ముద్దయింది. రాత్రంతా వచ్చినవి ఏడు. టెంటుకు సీజన్ రేటని రెట్టింపు తీసుకున్నారు, పక్క టెంట్లో రెండింటిదాకా స్పీకరు. మంచు, స్ట్రాబెర్రీలు కావాలంటే జనవరిలో వెళ్లండి. పురుగులు కావాలంటే తొలకరి పడ్డాక వెళ్లండి.

జూన్ అమావాస్యకు మళ్లీ అనంతగిరిలోనే గది చెప్పాను. ఫోన్ ఎత్తింది తాతే. "టూరిస్టులకని ఎనక గోడకి ఆకుపచ్చ రంగేయించేసినారు బాబూ" అన్నాడు. పరవాలేదు, పంచె ఉంది కదా అన్నాను.