కెమాలక్, వీమాలక్, కెవీమాలక్: గుంటగట్టు బోర్డు డ్రైవర్‌కు ఏది మేలు?

ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్టున పెట్టే ఆక్సిజన్ మీటర్ బోర్డులో లినక్స్ నడుస్తోందనుకుందాం. పది సెకన్లకొక రీడింగ్, ఒక్కోటి 24 బైట్లు. రోజుకు 8,640 రీడింగులు, మొత్తం 2,07,360 బైట్లు. మీటర్‌ను నడిపే కోడ్, అంటే డ్రైవర్, పరికరం ఫైలు తెరిచిన ప్రతిసారీ ఇంత బఫర్‌ను (డేటా దాచే మెమరీని) కెమాలక్‌తో తీసుకుంటోంది. కెమాలక్, వీమాలక్, కెవీమాలక్ మూడూ లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని మూల భాగంలో, మెమరీ అడిగే ఫంక్షన్లు. దాన్ని మార్చే ప్యాచ్ (కోడ్ సవరణ) రివ్యూకి వచ్చింది.

కెమాలక్ ఇచ్చే జాగా ర్యామ్‌లో ఒకే వరుసగా ఉండాలి. కెర్నల్ మెమరీని 4 కేబీ పేజీలుగా పంచుతుంది; అలాంటివి 51 సరిపోయే చోట, రెండింతల లెక్కన పెంచి 64 పేజీలు పక్కపక్కనే వెతుకుతుంది. వృథా కన్నా పెద్ద చిక్కు మెమరీ ముక్కలైపోవడం. బోర్డు ఆన్ చేయగానే ఆ వరుస దొరుకుతుంది కాబట్టి ఆఫీసు బల్ల మీద టెస్టు పాసవుతుంది. నెలల తరబడి ఆపకుండా నడిచాక మెమరీ ఖాళీ ఉన్నా వరుసగా ఉండదు. 8 పేజీలు, అంటే 32 కేబీ దాటితే కెర్నల్ పెద్దగా పట్టుబట్టదు, నల్ (మెమరీ లేదన్న జవాబు) ఇచ్చేస్తుంది. ఖాళీ వరుసల లెక్క చూపే బడ్డీఇన్ఫో ఫైలును (/proc/buddyinfo) తెరిచి చూడండి. పెద్ద వరుసలను చూపే కుడి చివరి అంకెలు సున్నాలైతే ఇదే జబ్బు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ లాగింగ్ ఆగిపోతే ఏరేటర్ వేయమని రైతుకు చెప్పేదెవరు?

వీమాలక్‌కు విడివిడిగా ఉన్న 51 పేజీలు చాలు. కాస్త నెమ్మది, కానీ పది సెకన్ల రీడింగుకు అదో లెక్క కాదు. 32 బిట్ ఏఆర్ఎం బోర్డుల్లో మాత్రం వీమాలక్ చిరునామాల జాగా పరిమితం.

నా ఓటు కెవీమాలక్‌కే. 4.12 కెర్నల్ నుంచి, అంటే 2017 నుంచి ఉంది. ముందు కెమాలక్‌ను ఒత్తిడి పెట్టకుండా అడుగుతుంది, దొరక్కపోతే వీమాలక్‌కు మళ్లుతుంది. ఇక్కడ కెవీకాలక్ ఇంకా నయం: సంఖ్యను సైజుతో గుణించినప్పుడు లెక్క హద్దు దాటి పొంగిపోతే పట్టుకుంటుంది, బఫర్‌ను సున్నాలతో నింపి ఇస్తుంది.

అయితే ఆ మళ్లింపు దగ్గరే తప్పులు దాక్కుంటాయి. ఎర్రర్ దారిలో ఒక్క కెఫ్రీ (కెమాలక్ జాగాను విడిపించే ఫంక్షన్) మిగిలినా, కెమాలక్ దొరికినన్నాళ్లూ ఏమీ కాదు. వీమాలక్ జాగా వచ్చిన రోజు కెర్నల్ కూలుతుంది. అందుకే గోటూ లేబుళ్లన్నీ (ఎర్రర్ వస్తే కోడ్ దూకే చోట్లు) వరుసగా చదివి ప్రతిచోటా రెండు రకాల జాగానూ విడిపించే కెవీఫ్రీ ఉందో లేదో చూడాలి. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపూ కోడ్ నిద్రపోకూడని తాళం) పట్టుకుని ఉండగా ఈ మెమరీ అడగనూకూడదు, విడిపించనూకూడదు. టెస్టు కోసం ఆ ఒక్క పిలుపును వీమాలక్ వైపే వెళ్లేలా మార్చి, కాసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్‌చేసి నడపమని ప్యాచ్ రాసినవారిని అడగండి.

ఏడీసీ (సెన్సర్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) నుంచి డీఎంఏతో, అంటే ప్రాసెసర్ మోయకుండా నేరుగా మెమరీలోకి, డేటా వచ్చే చిన్న బఫర్‌నూ ఇదే ప్యాచ్‌లో కెవీమాలక్‌కు మార్చి ఉంటే ఆ భాగం ఒప్పుకోవద్దు. వీమాలక్ చిరునామాను డీఎంఏ మ్యాప్ సింగిల్ ఫంక్షన్‌కు ఇవ్వకూడదు. ఆ బఫర్‌ను ప్రోబ్ సమయంలోనే (డ్రైవర్ పరికరాన్ని మొదట సిద్ధం చేసేటప్పుడే) డీఎంఏ అలాక్ కోహెరెంట్ ఫంక్షన్‌తో ఒక్కసారి తీసుకుని అట్టే పెట్టుకోమని, వేరే ప్యాచ్‌గా పంపమని రాయండి.