విశాఖలో ఆటలు కొనేవారికి హెచ్చరిక: ‘గ్లోయింగ్ సీ దాటించే ఫైలు’ కొనకండి

ఫాలౌట్ 4 అనే వీడియో గేమ్ ఆడుతూ, అందులో రేడియేషన్ నిండిన గ్లోయింగ్ సీ అనే చోట ఆగిపోయినవారు, సెకండ్ హ్యాండ్ డిస్కుల కోసం ద్వారకానగర్ సందుల్లో తిరుగుతున్నవారు దయచేసి ఇది చివరి దాకా చదవండి. నెల తిరగకుండా మూడు విడతల్లో నా దగ్గర 2,350 రూపాయలు లాగారు. డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది, అది కింద చెబుతాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. అయినా పేరు కన్నా వాళ్లు అమ్మిన తీరు తెలుసుకోవడమే మీకు ముఖ్యం. ఒకచోట కాకపోతే మరొకచోట ఇదే తీరు మీకూ ఎదురుకావచ్చు.

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చిన్న దుకాణం అది. అద్దాల బల్ల కింద పాత గేమ్‌ప్యాడ్లు, హెడ్‌ఫోన్లు, వరుసగా పేర్చిన డిస్కులు. ఫాలౌట్ 4 కంప్యూటర్ డిస్కు 900 రూపాయలన్నారు. పెట్టె తెరిచి చూశాను. డిస్కు మీద ఒక్క గీత కూడా లేదు, కోడ్ ఉన్న కాగితం కూడా లోపలే ఉంది. కాకపోతే ఆ కాగితం మడత దగ్గర నలిగిపోయి ఉంది, అంచున నీలం పెన్నుతో చిన్న టిక్కు పెట్టి ఉంది. ఆ టిక్కు నా కళ్ల ముందే ఉన్నా, అదెందుకని అడగాలని తోచలేదు. ఆ కోడ్‌ను ఎవరో ఎప్పుడో వాడేశారు.

2015 నవంబరు 10న విడుదలైన ఈ ఆట కంప్యూటర్ డిస్కులో ఆట మొత్తం ఉండదు. కొంత భాగమే ఉంటుంది, మిగిలింది ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నుంచి దించుకోవాలి. దానికి కోడ్ కావాలి. ఆ కోడ్ ఒక ఖాతాకు ఎక్కిందంటే ఇక మరో ఖాతాకు ఎక్కదు. అంటే వాడిన కంప్యూటర్ డిస్కు కొంటే మనకు దక్కేది ప్లాస్టిక్ పెట్టె ఒక్కటే. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులు అలా కాదు, చేతులు మారినా పని చేస్తాయి. ఈ తేడా తెలియని నాలాంటివారికే ఇలాంటి పెట్టెలు అంటగడుతున్నారు.

మర్నాడు వెళ్లి అడిగితే యజమాని వాదనకు దిగలేదు. చాలా మర్యాదగా, “డిస్కు సంగతి వదిలేయండి సార్, ఇంకో 850 ఇస్తే ఆట ఉన్న స్టీమ్ ఖాతా ఐడీ, పాస్‌వర్డు ఇస్తాను. ఆటోమాట్రాన్ నుంచి నూకా వరల్డ్ దాకా ఆరు అదనపు భాగాలూ అందులోనే ఉన్నాయి” అన్నాడు. ఒక్కటే షరతు, ఎప్పుడూ ఆఫ్‌లైన్‌లోనే ఆడాలట. ఆ షరతు విన్నప్పుడే నేను వెనక్కి తిరిగి ఉండాల్సింది. ఒకే ఖాతాను పదిమందికి అమ్మినప్పుడు, ఒకరు ఆడుతుంటే ఇంకొకరికి తెలియకుండా ఉండడానికి పెట్టే షరతు అది. ఖాతాలు అమ్మడం, కొనడం స్టీమ్ నిబంధనలకు విరుద్ధం కూడా. ఆ సంగతి కనుక్కోకుండా కొనడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఆట మాత్రం నన్ను కట్టిపడేసింది. 2077లో అణుయుద్ధంలో ప్రపంచం కాలిపోయింది. 2287లో బోస్టన్ శిథిలాల మధ్య మంచినీటి సీసాలు లెక్కపెట్టుకుంటూ తిరగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా అక్కయ్యపాలెంలో కరెంటు లేదు, ఫోను లేదు. బిందెలు పట్టుకుని నీళ్ల ట్యాంకరు కోసం వీధి చివర నిలబడ్డాం. నాన్న ఇంట్లో ఉన్న సీసాలను గోడ పక్కన వరుసగా పెట్టి, రోజుకు ఎన్నో లెక్క చెప్పేవారు. ఆటలో నీళ్ల సీసా దొరికిన ప్రతిసారీ నాకు ఆ వరుసే గుర్తొచ్చేది. అందుకే కొందరికి కాలక్షేపంగా కనిపించే ఈ ఆట నా మనసుకు అంత దగ్గరైంది.

ఇక అసలు అడ్డంకి. కథలో మనం తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ తిరిగే తల్లి లేదా తండ్రి. ఆ కొడుకును ఎత్తుకెళ్లిన కెల్లాగ్ జ్ఞాపకాల్లోకి వెళ్లి వచ్చాక, వర్జిల్ అనే శాస్త్రవేత్తను కలవాలని తెలుస్తుంది. అతడు దాక్కున్నది పటంలో నైరుతి మూల, బాంబు దెబ్బ నేరుగా తిన్న నేల మీద. అదే గ్లోయింగ్ సీ. పేరులో సముద్రం ఉన్నా, అక్కడ ఉన్నది మాడిపోయిన నేల, పసుపుపచ్చ పొగ, ఎండి కూలిన చెట్లు. అడుగుపెట్టగానే రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్ చిటపటలాడుతుంది. ప్రాణాన్ని చూపే గీత కుడివైపు నుంచి ఎర్రబడుతూ వస్తుంది. ఎరుపు ఎంత మేర ఆక్రమిస్తే ఆ ఎరుపు తగ్గేదాకా అంత మేర ప్రాణం తిరిగి నిండదు. 1000 రాడ్లకు గీత మొత్తం ఎర్రబడుతుంది, మనిషి పోతాడు.

నేను కాంకర్డ్ మ్యూజియం పైకప్పు మీద దొరికిన టీ-45 పవర్ ఆర్మర్ అనే యంత్ర కవచం తొడుక్కుని, దాన్ని నడిపే బ్యాటరీలాంటి ఫ్యూజన్ కోర్ ఒకే ఒక్కదానితో బయలుదేరాను. సగం దారిలో కోర్ అయిపోయింది. కోర్ లేని పవర్ ఆర్మర్‌లో పరుగు ఉండదు, కాలు ఈడ్చుకుంటూ నడవాలి. ఒంట్లోకి ఎక్కిన రేడియేషన్‌ను తగ్గించే రాడ్‌అవే మందు సంచులు అంతకు ముందే అయిపోయాయి. సరిగ్గా అప్పుడు కాళ్ల కింద నేల చీల్చుకుని రాడ్‌స్కార్పియన్ అనే పెద్ద తేలు లేచింది. కంగారులో, ఆట ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచే క్విక్‌సేవ్ మీట నొక్కేశాను. ఇక ఎన్నిసార్లు తెరిచినా అదే తేలు, అదే ఎర్ర గీత, పది క్షణాల్లో చావు. మూడు రాత్రులు అలాగే గడిచాయి.

నాలుగో రోజు దుకాణానికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. “అందరూ అక్కడే ఆగిపోతారు సార్, దాటించే ఫైలు ఉంది, ఆరువందలు” అన్నాడు. చూడండి, ఈ మాట అతనికి నాలుక చివరే ఉంది. మనం ఎక్కడ ఆగుతామో వాళ్లకు ముందే తెలుసు. విసిగిపోయి ఉన్న మనిషి ప్రశ్నలు వేయడనీ తెలుసు. పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసి, చీటీ మీద రెండు ముక్కలు రాసిచ్చాడు: “యాంటీవైరస్ ఆపి నడపాలి. మళ్లీ ఆన్ చేయకూడదు.”

ఇంటికొచ్చి ఆ చీటీలో ఉన్నట్టే చేశాను. నల్లని కిటికీ ఒకటి తెరుచుకుని మూసుకుపోయింది. ఆటలో ఏ మార్పూ లేదు. రెండు రోజుల తర్వాత రాత్రి రెండు గంటలకు ఫోనుకు సందేశం వచ్చింది, నా మెయిలు ఎక్కడో తెలియని చోట తెరుచుకుందని. లేచి చూసేసరికి పాస్‌వర్డు మారిపోయింది, రికవరీ నంబరు కూడా మార్చేశారు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఆ ఫైలు ఎత్తుకెళ్లిందని కంప్యూటర్ బాగుచేసే అబ్బాయి చెప్పాడు. ఆ మెయిలులోనే మా ఇంటి ఫోటోలన్నీ ఉన్నాయి. హుద్‌హుద్ మర్నాడు, వీధిలో కూలిన చెట్టు పక్కన బిందెతో నిలబడ్డ నాన్న ఫోటో కూడా అందులోనే ఉంది. నాన్న ఇప్పుడు లేరు. ఆ మెయిలు తిరిగి ఇప్పించమని పెట్టుకున్న అర్జీకి ఇంకా జవాబు రాలేదు.

ఆ వారంలోనే ఆట ఖాతా కూడా పోయింది. ఒకరోజు తెరిస్తే పాస్‌వర్డు తప్పు అంది. అసలు యజమాని తన ఖాతాను తిరిగి తీసుకుని ఉంటాడు. అతన్ని తప్పుపట్టలేను, వస్తువు అతనిది.

ఇప్పుడు మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన మాట. ఆటలో మనం ఎక్కడిదాకా వచ్చామో దాచే సేవ్ ఫైలు పేరు చివర ఫాలౌట్ 4లో ‘.ఎఫ్‌ఓఎస్’ అని ఉంటుంది. దాన్ని డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్, అందులో ఫాలౌట్4, అందులో సేవ్స్ అనే ఫోల్డర్లో పెడితే చాలు, ఆట లోపలి నుంచి తెరుచుకుంటుంది. నడపడానికి అందులో ఏమీ లేదు, యాంటీవైరస్ ఆపాల్సిన అవసరం అంతకన్నా లేదు. సేవ్ ఫైలు అంటూ చివర ‘.ఈఎక్స్‌ఈ’ ఉన్నది, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రామ్, ఎవరైనా ఇస్తే తాకకండి.

గ్లోయింగ్ సీ దాటడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. నాకు ఈ సంగతి మా తమ్ముడు చూపించాడు. జరిగింది విని, “అన్నయ్యా, ఆట తనంతట తాను దాచిన పాత సేవ్‌లు ఉంటాయి, చూశావా?” అని అడిగాడు. చూడలేదు. క్విక్‌సేవ్ ఒక్కటే పట్టుకుని మూడు రాత్రులు కొట్టుకున్నాను. లోడ్ జాబితాలో కిందికి జరిపితే, గ్లోయింగ్ సీలోకి అడుగుపెట్టక ముందుది ఒకటి భద్రంగా ఉంది. కంప్యూటర్ మొత్తం తుడిచేయక ముందే వాడు ఆ సేవ్ ఫైళ్లు మాత్రం విడిగా తీసి పెట్టాడు.

వెళ్లేటప్పుడు ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తు హజ్మత్ సూట్ దొరికితే అది మేలు. దానికి 1000 రేడియేషన్ నిరోధం ఉంటుంది, అది తొడుక్కుంటే గీత ఎర్రబడడం దాదాపు ఆగిపోతుంది. కానీ దానికి తుపాకీ దెబ్బను, తేలు కొండిని ఆపే బలం లేదు. దాని మీద వేరే కవచం తొడగడం కూడా కుదరదు. అందుకని పోరాటం పెట్టుకోకుండా దూరం నుంచే తప్పుకుంటూ పోవాలి. పోరాడుతూ వెళ్లాలనుకుంటే పవర్ ఆర్మర్ వేసుకోండి, కానీ చేతిలో నాలుగైదు ఫ్యూజన్ కోర్‌లు లేకుండా గడప దాటకండి. రేడియేషన్ ఎక్కకుండా కాపాడే రాడ్-ఎక్స్ మాత్రలు లోపలికి వెళ్లే ముందు వేసుకోవాలి, రాడ్‌అవే ఎరుపు పెరిగాక. చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేసి మందు వృథా చేస్తారు. ముందు గ్లోయింగ్ సీలోనే ఉన్న క్రేటర్ ఆఫ్ ఆటమ్ అనే చోటు చేరి, అక్కడ ఇసోల్డ్ అనే పెద్దావిడతో మాట్లాడితే వర్జిల్ గుహ ఎటు ఉందో చెబుతుంది. బయలుదేరే ముందు కొత్త పేరుతో విడిగా ఒక సేవ్ తప్పనిసరిగా చేసుకోండి.

ఇవేమీ పనిచేయక నాలాగా ఇరుక్కుపోతే, కంప్యూటర్‌లో అంకె 1 పక్కన ఉండే మీట నొక్కి ఆంగ్లంలో ‘టీజీఎం’ అనే మూడు అక్షరాలు కొట్టండి. దెబ్బ తగలని స్థితి వస్తుంది, గుహ చేరాక మళ్లీ అవే అక్షరాలు కొట్టి తీసేయండి. ఇది ఆటలోనే ఉన్న సదుపాయం. దీనికి సమానమైన దాన్నే నాకు ఆరువందలకు అమ్మారు, అదీ విషం కలిపి.

కొనేటప్పుడు బిల్లు అడగండి. నాకు బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోను ద్వారా కట్టాను కాబట్టి లావాదేవీ సంఖ్యలైనా మిగిలాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజులు లెక్క. ‘అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు’ అని గోడకు బోర్డు కట్టినా ఈ హక్కు పోదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. సైబర్ మోసంలో డబ్బు పోతే 1930కి వెంటనే ఫోను చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. నేను రెండు చోట్లా ఫిర్యాదు చేశాను. దుకాణం వాళ్లు డిస్కు డబ్బు 900 ఇస్తామంటున్నారు, మిగతా దాని మాట ఎత్తడం లేదు. సరిపెట్టుకోనని చెప్పాను.

ఇదే దుకాణంలోనో మరెక్కడో మీకూ ఇలాంటి ఫైలు ఇచ్చి ఉంటే, ముందు ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించండి. పాస్‌వర్డులు ఆ కంప్యూటర్‌లో మార్చవద్దు, వేరే ఫోనులో మార్చండి. మెయిలు మొదట, బ్యాంకు ఆ వెంటనే. చీటీ ఇచ్చి ఉంటే పారేయకండి. నా దగ్గర ఉన్నదాన్ని ఫిర్యాదుకు జత చేశాను.

దసరా తగ్గింపుల్లో అన్ని భాగాలూ ఉన్న ఆటను నా సొంత ఖాతాలో కొన్నాను. తమ్ముడు దాచిన పాత సేవ్ తెరుచుకుంది. నిన్న రాత్రి హజ్మత్ సూట్ తొడుక్కుని, ఒక్క తూటా కాల్చకుండా, వర్జిల్ గుహ దాకా నడిచాం.