చేత్తో గీసే టూడీనా, బ్లెండర్ త్రీడీనా?

అమలాపురంలోనో భీమవరంలోనో ఒక చిన్న గదిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఐదు నిమిషాల యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ తీయాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: బొమ్మలన్నీ చేత్తో గీయాలా, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేయాలా.

చేత్తో గీస్తే సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12, మొత్తం 3,600 బొమ్మలు. క్లీనప్ (చిత్తు గీతలను శుభ్రంగా దిద్దడం), రంగులు వేరే. ఖర్చు మాత్రం తక్కువ: పెన్ టాబ్లెట్, మామూలు కంప్యూటర్ చాలు. గీయడానికి వాడే క్రిటా, ఓపెన్‌టూంజ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే.

త్రీడీలో పాత్ర ఆకారాన్ని ఒకసారి మోడల్ చేసి, రిగ్ చేస్తే (కదిలించడానికి లోపల ఎముకల్లాంటి అమరిక పెడితే) ఎన్ని షాట్లకైనా వాడుకోవచ్చు. కొబ్బరిచెట్టు ఒక్కటి చేస్తే తోటంతా దాని నకళ్లే. కోనసీమ కథకు ఇది పెద్ద లాభం. బ్లెండర్ ఉచితమే కానీ, గ్రాఫిక్స్ కార్డుకు డబ్బులు పెట్టాలి. రాత్రంతా రెండరింగ్ (త్రీడీ సీన్‌ను కంప్యూటర్ ఫ్రేములుగా మార్చడం) నడుస్తుంటే కరెంటు పోతుందేమోనని టెన్షన్. అందుకే నేరుగా వీడియోగా కాకుండా ఫ్రేముకో పీఎన్‌జీ బొమ్మ ఫైలు చొప్పున రెండర్ చేయండి, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అసలు తేడా నీళ్ల దగ్గర తెలుస్తుంది. పంటు (నది దాటించే పెద్ద పడవ) రేవు వదులుతుంటే వెనక లేచే నురగను చేత్తో నాలుగు గీతల్లో పట్టేయొచ్చు. బ్లెండర్‌లో మామూలు అలలకు ఓషన్ మాడిఫైయర్ అనే టూల్ సరిపోతుంది. ఆ నురగకు ఫ్లూయిడ్ సిమ్యులేషన్ (నీటి కదలికను కంప్యూటర్‌తో లెక్కకట్టించడం) పెడితే చిన్న మెషీన్ మొరాయిస్తుంది.

బాగా గీసేవాళ్లు ఒక్కరున్నా నేనైతే చేతి గీతకే ఓటేస్తాను. కథను రెండు నిమిషాలకు కుదిస్తే 1,440 బొమ్మలే. గీసేవాళ్లు లేకపోతే బ్లెండర్‌తోనే వెళ్లండి, నది షాట్లు తగ్గించుకుని.